కొత్త పార్టులు వేశాక బ్రేక్ పెడల్ దిగిపోతోందా? మాస్టర్ సిలిండర్ కొనే ముందు ఇవి చూడండి

ప్రశ్న: మా కారుకు ఇరవై ఏళ్లు దాటాయి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. ఈమధ్య ముందు డిస్కులు, ప్యాడ్లు, రబ్బరు హోసులు, వెనక షూలు, వాటిని డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్లు అన్నీ కొత్తవి వేయించాను. కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కేవి), మాస్టర్ సిలిండర్ పాతవే. అప్పటి నుంచి పెడల్ మొదటిసారి తొక్కితే సగానికి పైగా కిందికి పోతోంది. వెంటనే రెండోసారి తొక్కితే పైనే, గట్టిగా ఆగుతోంది. మూడుసార్లు బ్రేక్ లైన్లలోని ఎయిర్ తీయించాం. బుడగలు రావడం లేదు, ఎక్కడా ఆయిల్ కారడం లేదు. దానికి తోడు పావుగంట నడిపేసరికి ముందు ఎడమ చక్రం బాగా వేడెక్కి మాడు వాసన వస్తోంది, బండి కాస్త ఎడమకు లాగుతోంది. ఒక మెకానిక్ మాస్టర్ సిలిండర్ పోయిందంటున్నారు, ఇంకొకరు బూస్టర్ అంటున్నారు. ముందు ఏది మార్చమంటారు?

సమాధానం: రెండూ వద్దు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది మాస్టర్ సిలిండర్, ఇంజన్ వాక్యూమ్‌తో మీ పాదం బలాన్ని పెంచేది బూస్టర్. మీరు రాసిన లక్షణాలు మాస్టర్ సిలిండర్‌వీ కావు, బూస్టర్‌వీ కావు. అలాగని ఈ బండిని ఇప్పుడున్న స్థితిలో రోడ్డెక్కించకండి. రెండోసారి తొక్కితే పడుతోంది కదా అని నడపడం చాలామంది చేసే పని. అడ్డం ఏదైనా వచ్చినప్పుడు రెండోసారి తొక్కేంత వ్యవధి ఉండదు.

మీ బండిలో ఉన్నవి రెండు వేర్వేరు లోపాలు. పెడల్ దిగడం ఒకటి, ఎడమ చక్రం పట్టేయడం ఇంకొకటి. రెండూ ఒకే రిపేరు తర్వాత మొదలయ్యాయి కాబట్టి కారణమూ ఒకటే అయి ఉంటుందనిపిస్తుంది. కలిపి వెతికితే మాత్రం ఏదీ దొరకదు. మొదట పెడల్ సంగతి తేల్చుకుని, తర్వాత చక్రం దగ్గరికి వెళ్దాం.

పెడల్ కిందికి పోయే తీరును బట్టే సగం విషయం తెలుస్తుంది. నాలుగైదు సార్లు కొట్టాక పైకి వచ్చినా పాదం కింద స్పాంజిలా మెత్తగా ఊగుతుంటే లైన్లో గాలి ఉంది, లేదా ఏదో ఒక హోసు ఉబ్బుతోంది. పైకి వచ్చి, మీరు పాదం అలాగే ఉంచితే నెమ్మదిగా నేలవైపు జారుతుంటే ఆయిల్ ఎక్కడో తప్పించుకుంటోంది. అంటే బయట లీకైనా ఉండాలి, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు మీదుగా వెనక్కైనా పోతుండాలి. పెడల్ కిందికి పోకుండా రాయిలా బిగుసుకుని, బండి మాత్రం ఆగకపోతే అప్పుడు బూస్టర్ మీద అనుమానపడాలి. మీది ఈ మూడింటిలోనూ లేదు. మొదటిసారి దిగింది, రెండోసారి పైనే గట్టిగా నిలిచింది, జారలేదు. షూకీ డ్రమ్ముకీ మధ్యో, ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్యో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ సందు ఉందని దీని అర్థం.

ఇదెలా జరుగుతుందంటే, మొదటిసారి తొక్కినప్పుడు మాస్టర్ నుంచి వెళ్లిన ఆయిల్ అంతా ఆ సందు పూడ్చడానికే సరిపోతుంది. పెడల్ వదలగానే మాస్టర్ పిస్టన్ చటుక్కున వెనక్కి వచ్చి, బ్రేక్ ఆయిల్ ట్యాంకులోంచి కొత్త ఆయిల్‌ను కప్పు అంచు మీదుగా లోపలికి లాక్కుంటుంది. చక్రాల దగ్గరి ఆయిల్ మాత్రం అంత త్వరగా వెనక్కి రాదు. ఆలోపే మీరు రెండోసారి తొక్కితే సగం పూడిన సందు మీద ఇంకో మోతాదు ఆయిల్ పడుతుంది, పెడల్ పైనే ఆగుతుంది. పది సెకన్లు వదిలేస్తే స్ప్రింగులు షూలను పూర్తిగా వెనక్కి లాగేస్తాయి, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

సందు చిన్నదే కదా, పెడల్ అంత దిగుతుందా అనే సందేహం రావచ్చు. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 20.6 మి.మీ., వెనక వీల్ సిలిండర్ వ్యాసం 19 మి.మీ. ఉన్న చిన్న కారు తీసుకుని లెక్క వేద్దాం. వెనక రెండు చక్రాల్లో కలిపి నాలుగు పిస్టన్లు. ఒక్కొక్కటి అదనంగా ఒక్క మిల్లీమీటరు జరగాలంటే సుమారు 1,130 ఘన మి.మీ. ఆయిల్ కావాలి. అది పంపడానికి మాస్టర్ పిస్టన్ 3.4 మి.మీ. ముందుకు వెళ్లాలి. పెడల్ నిష్పత్తి 4:1 అయితే (పాదం 4 మి.మీ. కదిలితే మాస్టర్ పిస్టన్ 1 మి.మీ. కదలడం) మీ పాదం దగ్గర అది దాదాపు 14 మి.మీ. షూలు రెండేసి మిల్లీమీటర్లు దూరంగా ఉన్నాయనుకోండి, 27 మి.మీ. పోయినట్టే. ముందు చక్రాల్లో ఇంకా ఘోరం. కాలిపర్ పిస్టన్ 51 మి.మీ. వ్యాసంతో ఉంటుంది కాబట్టి రెండు వైపులా పావు మిల్లీమీటరు చొప్పున వెనక్కి జరిగితే చాలు, పెడల్ 12 మి.మీ. దిగుతుంది. ఎన్నిసార్లు ఎయిర్ తీసినా ఈ దిగుడు పోదు, ఎందుకంటే అక్కడ గాలే లేదు.

బూస్టర్, మాస్టర్ రెండింటినీ అయిదు నిమిషాల్లో పరీక్షించుకోవచ్చు. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, బిగుసుకుంటుంది. పాదం అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. ఈ దిగుడు చూసి భయపడేవాళ్లు చాలామంది, అది లోపం కాదు, ఉండాల్సిన లక్షణం. ఇంజన్ నడుస్తుండగానే పెడల్‌ను రెండుసార్లు కొట్టి పైకి తెచ్చుకుని, మోస్తరు బరువుతో ఓ నిమిషం పట్టి ఉంచండి. నేలవైపు జారకుండా నిలబడితే మాస్టర్ కప్పులు ఆయిల్‌ను ఆపుతున్నాయి. ఇదే పరీక్షను చాలా తేలిక ఒత్తిడితో మళ్లీ చేయండి. అరిగిన కప్పు గట్టిగా తొక్కినప్పుడు గోడకు అతుక్కుని మంచిదానిలా నటిస్తుంది, తేలికగా తొక్కినప్పుడే బయటపడుతుంది.

మూడుసార్లు ఎయిర్ తీయించానన్నారు కాబట్టి ఈ తేలిక ఒత్తిడి పరీక్ష మీకు మరీ ముఖ్యం. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే మేర నున్నగా ఉంటుంది. దాని అవతలి భాగంలో ఏళ్ల తరబడి మడ్డి, తుప్పు పేరుకుని ఉంటాయి. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ను నేలకు తగిలేదాకా తొక్కితే కప్పులు ఆ గరుకు మీదికి వెళ్లి చిరుగుతాయి. రిపేరుకు ముందు బాగున్న మాస్టర్ రిపేరు తర్వాత పోవడానికి సాధారణంగా కారణం ఇదే. ఇకమీదట ఎయిర్ తీసేటప్పుడు పెడల్ కింద ఓ చెక్కముక్క పెట్టి, అది నేలదాకా పోకుండా చూసుకోండి.

మాస్టర్ బాగుందని తేలాక సందు ఎక్కడుందో వెతకాలి. దీనికి హ్యాండ్ బ్రేక్‌ను మించిన పనిముట్టు లేదు. మీ హ్యాండ్ బ్రేక్ వెనక షూలనే తోస్తుంది కదా. చదునైన నేల మీద చక్రాలకు అడ్డాలు పెట్టి, ఇంజన్ ఆపి, నాలుగైదు సార్లు తొక్కి బూస్టర్ వాక్యూమ్ ఖాళీ చేయండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి, పది సెకన్లు ఆగి, ఒక్కసారి తొక్కి పెడల్ ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. వదిలేసి మళ్లీ పది సెకన్లు ఆగండి. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి ఉంచి, ఒక్కసారి తొక్కి కొలవండి. రెండోసారి పెడల్ స్పష్టంగా పైన ఆగితే సందు వెనక షూల దగ్గరుంది. తేడా ఏమీ లేకపోతే ముందు చక్రాలు చూడాలి.

ఇంకో ఆనవాలు ఉంది. బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా ప్రతిసారీ మొదటి తొక్కుడుకు పెడల్ దిగుతోందా? లేక నిలబడి ఉన్నప్పుడు బాగుండి, కొంచెం నడిపిన తర్వాత తొక్కితేనే దిగుతోందా? చక్రం తిరగనిదే డిస్కు ప్యాడ్లను వెనక్కి నెట్టలేదు. కాబట్టి నిలబడ్డ బండిలోనూ దిగుతుంటే వెనక షూలు, నడిపాక మాత్రమే దిగుతుంటే ముందు డిస్కు గానీ బేరింగు గానీ. మీరు రాసిన తీరు చూస్తే మొదటి రకమే అనిపిస్తోంది.

వెనక షూల సర్దుబాటు కొత్త పార్టులు వేశాక అందరూ దాటేసే పని. ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉంది కదా, అదే సర్దుకుంటుందిలే అంటారు. ఆ అడ్జస్టర్ అరుగుదలతో రోజురోజుకూ పెరిగే చిన్న సందును పూడ్చడానికి పెట్టింది. పాత డ్రమ్ములో కొత్త షూ పెట్టినప్పుడు మిగిలే పెద్ద ఖాళీని చాలా బండ్లలో అది అందుకోలేదు.

క్రమం తప్పకుండా చేయాల్సింది ఇది. మొదట హ్యాండ్ బ్రేక్ కేబుల్ నట్టు వదులు చేసి, కేబుల్ వేలాడేలా చేయండి. దీన్ని చివరికి వదిలేస్తే తర్వాత చేసిందంతా వృథా. కేబుల్ బిగువుగా ఉంటే షూలు తమ ఆనిక మీదికి వెనక్కి రావు. అప్పుడు లోపలి అడ్జస్టర్ ఇక సర్దాల్సింది ఏమీ లేదన్నట్టు ఊరుకుంటుంది. పెడల్ దిగుతోందని హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించి సరిపెట్టేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే ఓ వారం బాగుంటుంది, తర్వాత షూ మాడుతుంది.

వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి, జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. బ్యాక్ ప్లేట్ మీద రబ్బరు బిరడా ఉన్న రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో అడ్జస్టర్ పళ్ల చక్రాన్ని తిప్పుతూ, డ్రమ్మును చేత్తో తిప్పలేనంత బిగించండి. లోపలికి ఎవరినైనా కూర్చోబెట్టి పెడల్ రెండు మూడు సార్లు గట్టిగా తొక్కించండి. షూలు ఆ దెబ్బకు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి, డ్రమ్ము మళ్లీ కాస్త వదులవుతుంది. మళ్లీ బిగించండి, మళ్లీ తొక్కించండి. ఇక వదులు కాదు అనుకున్నప్పుడు పళ్ల చక్రాన్ని వెనక్కి తిప్పుతూ, డ్రమ్ము చేత్తో సులువుగా తిరుగుతూ షూ సన్నగా రాసుకునే చప్పుడు వినబడే చోట ఆపండి. వెనక్కి తిప్పేటప్పుడు ఆటోమేటిక్ అడ్జస్టర్ నాలుకను ఇంకో సన్నటి స్క్రూడ్రైవర్‌తో పక్కకు నెట్టి పట్టుకోవాలి, లేకపోతే పళ్లు చెడిపోతాయి. రెండో చక్రానిదీ అంతే. రెండూ అయ్యాకే కేబుల్‌ను మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన క్లిక్కుల లెక్కకు బిగించాలి. హ్యాండ్ బ్రేక్ దించినప్పుడు చక్రాలు రెండూ ఇందాకటిలాగే తేలిగ్గా తిరగాలి. రంధ్రం లేని రకం బ్యాక్ ప్లేట్ అయితే డ్రమ్ము తీసి, అడ్జస్టర్‌ను కొద్దికొద్దిగా పొడిగిస్తూ, డ్రమ్ము కాస్త రాసుకుంటూ ఎక్కేదాకా సర్దుకోవాలి.

ఇంత చేసినా సందు తగ్గకపోతే డ్రమ్ము విప్పి బిగింపు తప్పులు వెతకండి. పళ్ల చక్రం ఉన్న అడ్జస్టర్లు కుడి, ఎడమలకు వేర్వేరు. ఒకదానికి మామూలు మర, ఇంకోదానికి ఎడమ మర. తారుమారైతే ఆటోమేటిక్ నాలుక కదిలినప్పుడల్లా షూలు దగ్గరవడానికి బదులు దూరమవుతాయి. సర్దిన కొన్ని రోజులకే పెడల్ మళ్లీ దిగిందంటే కచ్చితంగా ఇది చూడాలి. కొన్ని బండ్లలో ఒకే చక్రంలోని రెండు షూలకు లైనర్ (డ్రమ్ముకు రాసుకునే పొర) పొడవు తేడాగా ఉంటుంది. పొట్టి లైనర్ ఉన్నది బండి ముందు వైపుకు, పొడవుది వెనక వైపుకు ఉండాలి. రెండు వైపులా ఒకేసారి విప్పేయకండి. ఒక వైపు అలాగే ఉంటే చూసి పోల్చుకోవడానికి నమూనాగా పనికొస్తుంది. లోపలి దుమ్మును గాలితో ఊదవద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, తడిగుడ్డతో తుడవండి.

షూలు మార్చి డ్రమ్ములు పాతవే ఉంచారు కాబట్టి వాటినీ కొలవాలి. అనుమతించే గరిష్ఠ వ్యాసం డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది, సాధారణంగా కొత్తదానికన్నా 1 నుంచి 2 మి.మీ. ఎక్కువ. అరిగిన డ్రమ్ము వంపు వెడల్పుగా ఉంటుంది, కొత్త షూ వంపు దానికి సరిపోదు. షూ నడిమి భాగం ఒక్కటే తగిలి, రెండు చివరలూ గాల్లో ఉంటాయి. తొక్కినప్పుడు ఆ చివరలు డ్రమ్మును అందుకోవడానికి షూ వంగుతుంది, పెడల్ దిగి మెత్తగా అనిపిస్తుంది. ఇది కంటితో చూడాలంటే లైనర్ మీద అడ్డంగా అక్కడక్కడా సుద్దగీతలు గీసి, డ్రమ్ము ఎక్కించి, సందు బాగా తగ్గించి చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి విప్పండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే షూ తగులుతోంది. నడుమ రెండు మూడు వేళ్ల వెడల్పున మాత్రమే చెరిగిందంటే డ్రమ్ము మార్చాల్సిందే. సుద్దను పూర్తిగా తుడిచి మళ్లీ బిగించండి.

హ్యాండ్ బ్రేక్ పరీక్షలో తేడా కనబడకపోతే ముందుకు రండి. చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (వదులు) తెలిస్తే బేరింగు. లేకపోతే డిస్కు. కొత్త డిస్కు తప్పుగా తిరుగుతుంటే చాలావరకు తప్పు డిస్కుది కాదు, అది కూర్చున్న హబ్‌ది. ఇరవై ఏళ్ల హబ్ మీద, ముఖ్యంగా బోల్టు స్టడ్ల మొదళ్లలో తుప్పు పొక్కులు ఉంటాయి. ఒక్క పొక్కు మీద డిస్కు ఆనితే అంచు దగ్గర ఊపు కొన్ని రెట్లు అవుతుంది. వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, డిస్కు పెట్టి, చక్రం నట్లతో బిగించి, అంచుకు 10 మి.మీ. లోపల డయల్ గేజ్ ఆనించి ఒక చుట్టు తిప్పండి. పరిమితి మాన్యువల్‌లో ఉంటుంది. మామూలుగా 0.05 నుంచి 0.1 మి.మీ. మధ్య. చక్రం నట్లను ఎదురెదురుగా, సమానంగా బిగించకపోయినా డిస్కు ఇలాగే ఊగుతుంది.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే హోస్ క్లాంపులు వాడాలి. గుండ్రటి, నున్నటి దవడలున్న బ్రేక్ హోసు క్లాంపులే కావాలి. మామూలు ప్లయరు పళ్లు హోసు లోపలి పొరను కోసేస్తాయి. ముందు రెండు హోసులు, వెనక హోసు అన్నీ మూసి పెడల్ తొక్కండి. పైనే రాయిలా ఆగాలి. ఆగకపోతే లోపం మాస్టర్‌లోనో మాస్టర్‌కూ హోసులకూ మధ్యనో ఉంది. ఆగితే ఒక్కో క్లాంపు తీసి తొక్కుతూ వెళ్లండి. ఏది తీసినప్పుడు పెడల్ ఒక్కసారిగా దిగిందో ఆ చక్రం దగ్గరే మీకు పని. నిజానికి మొదటి రోజే ఇది చేసి ఉంటే మూడుసార్లు ఎయిర్ తీయాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఒక్క జాగ్రత్త, పాత హోసులు నొక్కితే పగులుతాయి. వెనక హోసు మార్చి ఉండకపోతే దాన్ని మూయకుండా మిగతావాటితో తేల్చుకోండి.

బుడగలు రావడం లేదంటే గాలి లేనట్టేనా అంటే, అలా చెప్పలేం. గాలి ఉండి కూడా బయటికి రాలేని చోట్లు ఉన్నాయి. కాలిపర్లను కడగడానికో రంగు వేయడానికో విప్పి ఉంటే కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించే అవకాశం ఉంది, బోల్టులు సరిగ్గా సరిపోతాయి కూడా. అప్పుడు నిపుల్ (ఎయిర్ తీయడానికి వదులు చేసే మర) కింది వైపుకు వస్తుంది. గాలి పైన ఉండిపోతుంది, కింద నిపుల్‌లోంచి మాత్రం శుభ్రమైన ఆయిల్ వస్తూనే ఉంటుంది. నిపుల్ ఎప్పుడూ కాలిపర్ పైభాగాన ఉండాలి. ఇంకొకటి, వెనక బరువును బట్టి ఒత్తిడి మార్చే వాల్వు. దాని లివర్ వెనక యాక్సిల్‌కు తగిలించి ఉంటుంది. బండిని లేపి చక్రాలు వేలాడుతుండగా ఎయిర్ తీస్తే, వెనక బరువే లేదనుకుని ఆ వాల్వు వెనక లైన్లకు ఆయిల్‌ను బాగా తగ్గిస్తుంది. చక్రాలు నేల మీద ఉన్నప్పుడు గానీ, యాక్సిల్ కిందే స్టాండ్లు పెట్టి గానీ చేయాలి. దీనికి తిరగబడ్డ సమస్య నిపుల్ దగ్గర ఆయిల్‌ను పీల్చి ఎయిర్ తీసే వాక్యూమ్ పంపుతో వస్తుంది. నిపుల్ వదులు చేయగానే దాని మరల సందులోంచి బయటి గాలే లోపలికి లాగబడి, బుడగలు ఎంతసేపైనా ఆగవు. అవి లైన్లోవి కావు. చక్రాల వరుస కూడా అన్ని బండ్లకూ ఒకటి కాదు. ముందు కుడిని వెనక ఎడమతో కలిపిన లైన్లున్న బండికి వేరే వరుస ఉంటుంది, మాన్యువల్ చూడండి.

ఇక ఎడమ చక్రం. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పాత పిస్టన్‌ను లోపలికి నెట్టి బిగించి ఉంటారు. ఏళ్లుగా బయటికి తేలి, తడికీ దుమ్ముకీ గుంటలు పడిన పిస్టన్ భాగం ఇప్పుడు సీలు లోపలికి వెళ్లింది. పెడల్ వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, ఆ చదరపు రబ్బరు సీలు ఒంపు తీరినప్పటి చిన్న లాగుడే. గుంటలు పడిన పిస్టన్‌ను ఆ లాగుడు కదపలేదు. పాత కాలిపర్లలో కొత్త ప్యాడ్లు పట్టేయడానికి ఇదే పెద్ద కారణం. అలాగని వెంటనే కాలిపర్ కొనకండి, ముందు తేల్చుకోవాలి.

బండిని ఖాళీ స్థలంలో నెమ్మదిగా, బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి, చక్రం పట్టుకోవడం మొదలవగానే ఆపండి. ముందు చక్రాన్ని స్టాండ్ మీదికి లేపండి. డిస్కును ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. చక్రం చేత్తో తిరగడం లేదు కదా, నిపుల్‌కు గొట్టం తగిలించి పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ చివ్వున వచ్చి చక్రం వదులైతే ఒత్తిడి లోపలే చిక్కుకుపోయింది. నిపుల్ వదులు చేసినా చక్రం బిగుసుకునే ఉంటే అది ఇనుము పట్టు, అంటే పిస్టన్, కాలిపర్ జారే పిన్నులు, ప్యాడ్లలో ఒకటి.

ఒత్తిడి చిక్కుకుందని తేలితే చక్రం మళ్లీ పట్టుకున్నాక ఈసారి నిపుల్ ముట్టుకోకుండా మాస్టర్ దగ్గర ఆ చక్రానికి వెళ్లే గొట్టం నట్టు కొంచెం వదులు చేయండి. చక్రం వదులైతే లోపం మాస్టర్ వైపు. అక్కడ వదులు కాకుండా నిపుల్ దగ్గర మాత్రమే వదులైతే మధ్యలోని హోసు. మీ హోసులు కొత్తవే అయినా బిగించేటప్పుడు మెలిపడి ఉండొచ్చు. హోసు పొడవునా ఉండే గీత తిన్నగా ఉందో మెలికలు తిరిగిందో చూస్తే తెలిసిపోతుంది. దాన్ని పట్టి ఉంచే రేకు క్లిప్పు నొక్కుకుపోయినా ఆయిల్ వెళ్తుంది గానీ తిరిగి రాదు. మాస్టర్ వైపు లోపమైతే ఎడమ ఒక్కటే కాదు, కనీసం దానితో జతగా ఉన్న చక్రమూ పట్టాలి. మీకు ఒక్కటే పడుతోంది కాబట్టి ఆ అవకాశం తక్కువ.

ఇనుము పట్టే అయితే కాలిపర్ విప్పండి. రెండు పిన్నులూ చేత్తో లాగితే జారుతూ రావాలి. చాలా కాలిపర్లలో పై పిన్ను, కింది పిన్ను ఒకేలా ఉండవు, ఒకదాని కొసన రబ్బరు బుష్ ఉంటుంది. తారుమారుగా పెడితే మొదట బాగానే జారి, వేడెక్కాక పట్టేస్తాయి. పావుగంట తర్వాతే మొదలయ్యే మీ లక్షణానికి ఇది బాగా సరిపోతుంది. పిన్నులను శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు బేరింగు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. తర్వాత ప్యాడ్ చెవులు చూడండి. కొత్త ప్యాడ్ల మీది మందపాటి రంగు వల్లో, కాలిపర్ బ్రాకెట్‌లో రేకు క్లిప్పుల కింద పేరుకున్న తుప్పు వల్లో ప్యాడ్ గట్టిగా కూర్చుంటుంది. ప్యాడ్‌ను సుత్తితో కొట్టి ఎక్కించారా? అయితే కారణం దొరికినట్టే. తుప్పు గీకి, చెవుల మీది రంగును ఆకురాయితో కొద్దిగా తీస్తే వేళ్లతోనే జారాలి. ఇవి రెండూ బాగుంటే, పిస్టన్‌ను జి-క్లాంపుతో నెట్టి చూడండి. నిపుల్ తెరిచి ఉండగా కూడా అతి కష్టం మీద కదులుతుంటే పిస్టన్, సీళ్లు మార్చాలి, లేదా కాలిపరే మార్చాలి. ఎడమది మారిస్తే కుడిదీ మార్చండి. ఒకే ఇరుసు మీద ఒకటి చురుగ్గా, ఇంకోటి మందంగా ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు పోతుంది.

అంత వేడెక్కిన కాలిపర్‌లోని ఆయిల్ తీసేయండి. మాడు వాసన వచ్చిన ప్యాడ్ల అంచులు పెళుసుబారి, ఉపరితలం అద్దంలా మెరుస్తుంటే ఎడమ, కుడి కలిపి జతగా మార్చాల్సిందే. బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద ఏ డాట్ (బ్రేక్ ఆయిల్ రకం) రాసి ఉంటే అదే ఆయిల్ పోయండి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, డాట్ 4 కనీసం 230 దాకా. తేమ పీల్చుకున్నాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. పేరులో దగ్గరగా ఉందని డాట్ 5 మాత్రం పోయకండి. అది సిలికాన్ ఆయిల్, వీటితో కలవదు. ట్యాంకు మూత విప్పినప్పుడు లోపలి రబ్బరు ఉబ్బి అలలు తేలి ఉంటే ఎవరో పొరపాటున ఇంజన్ ఆయిల్‌నో పవర్ స్టీరింగ్ ఆయిల్‌నో పోశారన్నమాట. అప్పుడు ఈ సర్దుబాట్లేవీ పనికిరావు, లైన్లు కడిగి, మాస్టర్ మొదలుకొని రబ్బరు ఉన్న ప్రతిదీ మార్చాలి.

అంతా బిగించాక, బండి కదిపే ముందే పెడల్ తొక్కి పైకి తెచ్చుకోండి. ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 10 కి.మీ.కు, మోస్తరుగా తొక్కుతూ పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపకండి, ప్రతిసారికీ మధ్య కాసేపు నడిపి చల్లారనివ్వండి. తిరిగొచ్చాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండు ముందు డిస్కులనూ చూస్తే ఇంచుమించు ఒకే వేడి ఉండాలి. వెనక షూలను 500 కి.మీ. తిరిగాక మరోసారి సర్దండి. కొత్త లైనర్ ఆ పాటికి డ్రమ్ము వంపుకు అరిగి సందు కొంచెం పెరిగి ఉంటుంది.